రొమ్ము క్యాన్సర్ రిపోర్టు చదవడం, 4వ పాఠం: బీఆర్‌సీఏ అందరికీ ఉంటుంది

పోయిన పాఠంలో "ఈమెకు క్యాన్సర్ ఎందుకు వచ్చింది?" అన్న ప్రశ్నకు చాలామంది "ఈమెకు బీఆర్‌సీఏ1 ఉంది, అందుకే క్యాన్సర్ వచ్చింది" అని రాశారు. ఈ వాక్యం సరిదిద్దుకోకుండా హార్మోన్ల దగ్గరికి వెళ్లలేం.

బీఆర్‌సీఏ1 ఒక జన్యువు. అది మీకుంది, నాకుంది, మీ నాన్నగారికీ ఉంది. 17వ క్రోమోజోమ్ మీద, అమ్మ నుంచి ఒక ప్రతి, నాన్న నుంచి ఒక ప్రతి. బీఆర్‌సీఏ2 ఉండేది 13వ దాని మీద. డీఎన్ఏ రెండు పోగులూ తెగితే తప్పు లేకుండా అతికించడం వీటి పని. ఒక ప్రతి పుట్టుకతోనే పాడైనా రెండోది పని నడిపిస్తుంది. రొమ్ములో ఏదో ఒక కణంలో ఆ రెండోదీ పోయిందంటే, అక్కడి నుంచి తప్పులు పేరుకుపోతాయి. కాబట్టి "బీఆర్‌సీఏ1లో హానికర మార్పు ఉంది" అని రాయండి. "బీఆర్‌సీఏ పాజిటివ్" అని ఆస్పత్రుల్లోనూ అంటారు, నేను మాత్రం ఒప్పుకోను. విన్నవాళ్లకు ఆ జన్యువే జబ్బు అనిపిస్తుంది.

"అమ్మ వైపు ఎవరికీ లేదు" అన్నదీ ఇలాంటి పొరపాటే. నాన్నలో మార్పు ఉంటే మీకు వచ్చే అవకాశం సగానికి సగం. ఆయనకు అన్నదమ్ములే ఉంటే ఆ వైపు ఏమీ బయటపడకపోవచ్చు. ఇక మొత్తం రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతమే. రిపోర్టులో హెర్2 (కణం పెరుగుదలను పురిగొల్పే ప్రొటీన్, దాని జన్యువు పేరూ అదే) 3+, అంటే బాగా ఎక్కువ అని చూసి కూతురికి పరీక్ష చేయించాలా అని కొందరు అడిగారు. ఆ ఒక్క కారణానికి అక్కర్లేదు, ఆ జన్యువు ప్రతులు పెరిగింది కణితిలోనే.

హార్మోన్ సంగతి సులువు. ఈస్ట్రోజెన్ కణంలోని రిసెప్టర్‌ను (హార్మోన్‌ను అందుకునే ప్రొటీన్, రిపోర్టులో ఈఆర్) పట్టుకుంటుంది. ఆ జంట డీఎన్ఏ మీద చేరి సైక్లిన్ డీ1 లాంటి జన్యువులను నడిపిస్తుంది, కణం విభజనకు దిగుతుంది. "ఈఆర్ 90%" అంటే క్యాన్సర్ కణాల్లో 90 శాతం కేంద్రకాలు ఈఆర్ పరీక్షలో రంగు పట్టాయని. అది చూసి టెన్షన్ పడకండి. రిసెప్టర్‌ను ఆక్రమించే టామాక్సిఫెన్ మందు పనిచేసే అవకాశం బాగా ఉందన్నమాట. బీఆర్‌సీఏ1 మార్పుతో వచ్చే కణితులు ఎక్కువగా ట్రిపుల్ నెగెటివ్ (ఈఆర్, ప్రొజెస్టిరాన్ రిసెప్టర్ అంటే పీఆర్, హెర్2 మూడూ నెగెటివ్), బీఆర్‌సీఏ2వి ఎక్కువగా ఈఆర్ పాజిటివ్.

అభ్యాసం: వయసు 38. ఈఆర్ 0, పీఆర్ 0, హెర్2 1+ (నెగెటివ్ కిందే లెక్క). మేనత్తకు అండాశయ క్యాన్సర్. ముందుగా ఏ జన్యువును అనుమానిస్తారు? ఇంట్లో మొదట ఎవరికి పరీక్ష చేయాలి? టామాక్సిఫెన్ ఎందుకు పనికిరాదు? మూడు తరాల వంశవృక్షం, రెండు వైపులా గీసి, కారణాలతో జవాబు రాయండి.