గుంత తవ్వుతూ ‘డిగ్, డగ్, డగ్’ నేర్పే విధానం

మా అనంతపురం వైపు బడిపిల్లలకు వి1, వి2, వి3 అనే ఇంగ్లీషు క్రియల మూడు రూపాల పట్టిక కంఠతా వస్తుంది గాని, నిన్న చేసిన పనిని ఇంగ్లీషులో చెప్పమంటే నోరు పెగలదు. అందుకే ఆ రూపాలను పెరట్లో, మునగ మొక్క నాటే పనిలోనే నేర్పాలని నేను గట్టిగా చెబుతాను.

తొలకరికి ముందే పని మొదలుపెట్టండి. ఎండలకు మన ఎర్రనేల రాయిలా బిగుసుకుపోతుంది కాబట్టి, ముందు రోజు సాయంత్రం రెండు కడవల నీళ్లు పోసి నానబెట్టి, తెల్లవారాక గడ్డపారతో పెకలించి, పారతో మట్టి తీయాలి. పొడవు, వెడల్పు, లోతు అడుగున్నర చొప్పున ఉంటే చాలు. సారమున్న పైమట్టిని ఒక పక్కన, అడుగుమట్టిని వేరొక పక్కన పోయించండి. తవ్వుతున్నంతసేపూ పిల్లలు ‘ఐ యామ్ డిగ్గింగ్’ అనాలి.

మరుసటి ఉదయం అదే గుంత దగ్గర నిలబెట్టి, నిన్న ఏం చేశావని అడగండి. ‘డిగ్డ్’ అన్నారంటే కోప్పడవద్దు. 1611 నాటి ఆంగ్ల బైబిలు అనువాదంలో ఆ రూపమే కనిపిస్తుంది; ‘డగ్’ తర్వాతి కాలంలో స్థిరపడింది. మన ‘రా’ భూతకాలంలో ‘వచ్చాను’ అవుతుందని గుర్తు చేస్తే, ఇలాంటి క్రియలు తమ నోట ఎప్పటినుంచో ఉన్నాయని పిల్లలే గ్రహిస్తారు. ఆపై ‘ఎస్టర్‌డే ఐ డగ్ ఎ పిట్’ అని చెప్పించండి. పారకు అంటుకున్న తడిమట్టిని చూపి ‘స్టిక్, స్టక్, స్టక్’ కూడా చెబితే, ఒకే తీరున మారే క్రియలు జతగా గుర్తుంటాయి.

పిల్లలు ఎక్కువగా తడబడేది మూడో రూపం దగ్గర. దీనికి మన భాషలోనే మంచి ఆసరా ఉంది: తవ్విన గుంత, పగిలిన గడ్డ, పెరిగిన మొక్క అన్నప్పుడు నామవాచకానికి ముందు వచ్చే ఆ ‘ఇన’ రూపం చేసే పనినే ఇంగ్లీషులో డగ్, బ్రోకెన్, గ్రోన్ చేస్తాయి. చేతిలో పగిలిన మట్టిగడ్డను పెట్టి ‘బ్రేక్, బ్రోక్, బ్రోకెన్’ అని పలికిస్తే, పట్టికలో మూడో గడి ఎందుకుందో వివరించే పని తప్పుతుంది.

బాగా చివికిన పశువుల ఎరువును పైమట్టిలో కలిపి, గుంత నింపి, మొక్కను నిలబెట్టి, చుట్టూ పాది కట్టి నీళ్లు పోయించండి. ఇక్కడ ‘పుట్’, ‘స్ప్రెడ్’, ‘కట్’ మూడు రూపాల్లోనూ మారవు. ‘ప్లాంట్’, ‘వాటర్’ మామూలుగానే ‘ప్లాంటెడ్’, ‘వాటర్డ్’ అవుతాయి. ప్రశ్నలోనూ, కాదనేటప్పుడూ ‘డిడ్’ వచ్చిందంటే క్రియ మొదటి రూపానికే తిరిగి వెళ్లాలన్నది మాత్రం పదేపదే సరిదిద్దవలసిన సంగతి: ‘ఐ డిడ్ నాట్ డిగ్’ అనాలి, ‘డిడ్ నాట్ డగ్’ అనకూడదు.

‘గ్రో, గ్రూ, గ్రోన్’ను ఆ రోజే చెప్పవద్దు. మొక్క పక్కన ఒక కర్ర పాతి, ప్రతి ఆదివారం ఎత్తు గీత గీయించండి. పోయిన వారంలో పెరిగినంతకు ‘ఇట్ గ్రూ టూ ఇంచెస్ లాస్ట్ వీక్’, నాటిన నాటినుంచి నేటివరకు పెరిగిన మొత్తానికి ‘ఇట్ హాజ్ గ్రోన్ ఎ ఫుట్’ అని ఆ గీతలనే చూసి చెప్పించండి.