ఇన్‌స్టంట్ కాపుచినో సాచెట్‌తో ఇంట్లోనే మంచి కప్పు కలుపుకోవడం ఎలా?

కాఫీ షాపులో ఒక్క కాపుచినోకి ఇచ్చే డబ్బుతో సాచెట్ కాపుచినో ఇంట్లో చాలాసార్లు తాగొచ్చు. అయినా చాలామంది ఒక డబ్బా కొని, రెండు కప్పులు తాగి, "నీళ్లలా ఉంది, నురగ లేదు, తీపి ఎక్కువ" అని మిగతావి అల్మారాలో పడేస్తారు. ఈ మూడు ఫిర్యాదుల్లో మొదటి రెండిటికీ తరచుగా కారణం పొడి కాదు. నీళ్లు ఎక్కువయ్యాయి, అవి మరీ సలసల కాగుతున్నాయి, అంతే. మూడోది మాత్రం పొడిలోనే ఉంది. దాన్ని కొనేటప్పుడే చూసుకోవాలి.

డబ్బా వెనక ఏం చదవాలి?

పదార్థాల పేర్లు బరువును బట్టి వరసగా రాసి ఉంటాయి. ఏది ఎక్కువుంటే అది ముందు వస్తుంది. చాలా సాచెట్లలో మొదట కనిపించేది చక్కెర, ఆ తర్వాత పాలపొడి, వెజిటబుల్ ఫ్యాట్. కాఫీ 10 శాతం అటూ ఇటూ ఉంటుంది. 15 గ్రాముల సాచెట్‌లో అది 1.5 గ్రాములు, అంటే ఒక టీస్పూను కూడా నిండదు. శాతం రాసి ఉన్న డబ్బాలు రెండు పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఏది కాఫీ, ఏది తీపి పాలపొడి అన్నది ఇట్టే తెలుస్తుంది.

చక్కెర ఒక్కో సాచెట్‌లో 6 నుంచి 10 గ్రాముల దాకా ఉండొచ్చు. టీస్పూను చక్కెర సుమారు 4 గ్రాములు కాబట్టి, రెండు చెంచాలు ముందే పడి ఉన్నట్టు లెక్క. రోజుకు మూడు కప్పులు తాగేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. బయటినుంచి కలిసే చక్కెరను రోజుకు 25 గ్రాముల లోపు ఉంచుకుంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆ మూడు కప్పులతోనే ఆ లెక్క దాదాపు నిండిపోతుంది. "చక్కెర కలపనిది" అని ఉన్న రకం కొనుక్కుని మీకు కావలసినంత వేసుకోవడమే మంచి పద్ధతి. అందులోనూ పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ అనే చక్కెర ఉంటుందని గుర్తుంచుకోండి.

పాలు పడనివాళ్లు "నాన్ డెయిరీ క్రీమర్" (పాలు లేని క్రీమ్ పొడి) అన్న మాట చూసి ధైర్యపడొద్దు. అందులో సోడియం కేసినేట్ అనే పాల ప్రోటీన్ కలిసి ఉండడం మామూలే.

ధర పోల్చేటప్పుడు డబ్బా ధర చూడకండి. అందులోని సాచెట్ల సంఖ్యతో భాగించి ఒక్కో కప్పు లెక్క తీయండి. సాచెట్ 12 గ్రాములా, 18 గ్రాములా అన్నది కూడా చూడాలి. చిన్న సాచెట్లు చవకగా కనిపిస్తాయి, కప్పు మాత్రం చిన్నదే వస్తుంది.

ముందు మీ కప్పు కొలవండి

ఈ పని ఒక్కసారి చేస్తే చాలు. చాలా సాచెట్లను 150 మిల్లీలీటర్ల నీళ్ల కోసం తయారుచేస్తారు. సరైన కొలత సాచెట్ మీదే ఉంటుంది. ఇంట్లో వాడే పెద్ద మగ్గులో 300 మిల్లీలీటర్లు పడతాయి. దాన్ని నిండా పోస్తే పొడి సగానికి సగం పలచనవుతుంది. కొలత గ్లాసుతో 150 మిల్లీలీటర్లు పోసి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తు పెట్టుకోండి. పైన రెండు వేళ్ల ఎత్తు ఖాళీ ఉండాలి, నురగ లేవడానికి.

వేడి 85 డిగ్రీల దగ్గర

సాచెట్ నురగ ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే మిగతాదంతా సులువు. చాలా రకాల్లో కొన్ని పొడి రేణువుల లోపల ఒత్తిడితో గాలి బంధించి ఉంటుంది. వేడి నీళ్లు తగిలి రేణువు కరగగానే ఆ గాలి బుడగలుగా బయటికొస్తుంది. పాల ప్రోటీన్ వాటి చుట్టూ పొరలా పట్టుకుని నిలబెడుతుంది. నీళ్లు చల్లగా ఉంటే రేణువు సరిగ్గా కరగదు. మరీ మరుగుతుంటే బుడగలు పెద్దవై చిట్లిపోతాయి, కాఫీ చేదెక్కుతుంది.

థర్మామీటరు లేకపోయినా ఫర్వాలేదు. 120 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లలో 30 మిల్లీలీటర్ల మామూలు నీళ్లు కలిపితే సుమారు 85 డిగ్రీలకు వస్తుంది. ఈ రెండింటినీ వేరే గ్లాసులో కలిపాకే పొడి మీద పోయాలి. పొడి మీద ముందు చన్నీళ్లు పోస్తే నురగ పోయినట్టే.

మైక్రోవేవ్‌లో నీళ్లు కాచేవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ నీళ్లు పైకి మరగకుండానే మరిగే వేడిని దాటిపోవచ్చు. పొడి పడగానే ఒక్కసారిగా ఎగజిమ్మి చేతులు కాలతాయి. బయటికి తీయడానికి ముందు ఒక నిమిషం ఆగండి. ఆ తర్వాత కూడా నీళ్లలో పొడి వేయకుండా, పొడి మీదే నీళ్లు పోయండి.

కలిపే పద్ధతి

1. కప్పులో వేడి నీళ్లు పోసి అర నిమిషం ఉంచి పారబోయండి. చల్లటి కప్పు కొలిచి పెట్టుకున్న వేడిని లాగేస్తుంది.
2. తడి పూర్తిగా తుడవండి. అడుగున నీటి చుక్కలుంటే పొడి అంటుకుని ఉండ కడుతుంది.
3. సాచెట్‌ను నాలుగైదుసార్లు బాగా ఊపండి. రేణువుల బరువుల్లో తేడా ఉంటుంది కాబట్టి నిల్వలో అవి విడివిడిగా సర్దుకుంటాయి. సగం సాచెట్ వాడేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.
4. పొడి మొత్తం వేసి, జానెడు ఎత్తునుంచి సన్నటి ధారగా నీళ్లు పోస్తూ మరో చేత్తో కలపండి.
5. 15 సెకన్లు చకచకా కలిపి చెంచా తీసేయండి. అర నిమిషం కదపొద్దు.

ఆ అర నిమిషంలో కప్పు పైభాగాన్నే గమనించండి. ముందు పెద్ద బుడగలు పైకొచ్చి పేలిపోతాయి. తర్వాత ఆవగింజంత చిన్నవి దగ్గరదగ్గరగా చేరి, అంచు చుట్టూ గోధుమరంగు గీత కడతాయి. ఆ గీత కనిపిస్తే నురగ నిలబడినట్టే. ఇంకా కలుపుతూ కూర్చుంటే దాన్ని మీ చేతులతో మీరే చెడగొట్టుకుంటారు.

తేడా వస్తే

ఉండలు కట్టాయంటే నీళ్లన్నీ ఒక్కసారే పడ్డాయి. పైపొర తడిసి జిగురై, లోపలి పొడికి నీళ్లు అందలేదు. పైన తెల్లటి తునకలు తేలుతుంటే పాలు పాడయ్యాయని కంగారుపడకండి. కాఫీలోని ఆమ్లం, కఠిన జలంలోని (బోరు నీళ్ల లాంటివి) కాల్షియం కలిసి పాల ప్రోటీన్‌ను విరగ్గొడతాయి. ఫిల్టరు చేసిన నీళ్లతో, వేడి కొంచెం తగ్గించి చూడండి.

కాఫీ షాపు రుచికి దగ్గరగా

కాఫీ చాలలేదనిపిస్తే రెండో సాచెట్ వేయొద్దు, చక్కెర కూడా రెండింతలవుతుంది. అర టీస్పూను, అంటే సుమారు ఒక గ్రాము ఉత్త ఇన్‌స్టంట్ కాఫీ పొడి కలపండి. ఇంత చిన్న ఖర్చుకు ఇంత తేడా తెచ్చే చిట్కా ఇంకొకటి లేదు.

చిక్కదనం కావాలంటే సగం నీళ్లు, సగం పాలు వాడండి. 75 మిల్లీలీటర్ల వేడి నీళ్లతో పొడి కరిగించి, పాలు విడిగా నురగ తెప్పించి పైన పోయాలి. మూత ఉన్న గాజు సీసాలో మూడో వంతు మించకుండా చల్లటి పాలు పోసి 40 సెకన్లు గట్టిగా గిలక్కొట్టండి. మూత తీసేసి మైక్రోవేవ్‌లో అర నిమిషం పెడితే నురగ గట్టిపడుతుంది. కాచిన పాలైతే మీగడ తీసేయండి, ఆ ముక్కలు నురగను నిలవనివ్వవు. వేడి పాలను మూత బిగించి గిలక్కొట్టొద్దు, లోపలి ఆవిరి మూతను తన్నేస్తుంది.

చల్లగా తాగాలంటే 50 మిల్లీలీటర్ల వేడి నీళ్లతో పొడి పూర్తిగా కరిగించి, ఐదు ఐసు ముక్కల మీద పోసి 80 మిల్లీలీటర్ల చల్లటి పాలు కలపండి. ఇందులో నురగ ఆశించొద్దు.

నిల్వ

విప్పిన సాచెట్‌ను మడిచి దాచినా లాభం తక్కువ. గాలిలోని తేమకు చక్కెర జిగురెక్కి, రేణువుల్లోని గాలి జారిపోతుంది. సగం మిగిలితే తడిలేని చిన్న సీసాలో బిగించి రెండు మూడు రోజుల్లో వాడేయండి. స్టవ్ పక్కనా, కెటిల్ పైనున్న అరలోనూ డబ్బా పెట్టకండి. పొడి గడ్డకట్టినా, పాత నూనె వాసన కొట్టినా పారేయాల్సిందే.