రోజూ పనికి వెళ్ళడానికి సైకిల్ కొంటున్నారా? ముందు చూడాల్సినవి

షాపుకు వెళ్ళేముందు మీరు రోజూ వెళ్ళే దారిని ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఎన్ని కిలోమీటర్లు, గుంతలు ఎక్కడున్నాయి, ఎత్తు ఎక్కడ ఎక్కాలి, వెంట ఏం మోసుకెళ్ళాలి, వానలో కూడా వెళ్తారా, వచ్చేసరికి చీకటి పడుతుందా, పగలంతా సైకిల్ ఎక్కడ పెడతారు, ఇంటికొచ్చాక మెట్లెక్కించాలా. వీటికి జవాబులు ఉంటే షాపులో వరసగా నిలబెట్టిన సైకిళ్ళలో సగం మీకు పనికిరావని అక్కడికి వెళ్ళకముందే తెలిసిపోతుంది. మెట్లెక్కించాలంటే బరువు చూడాలి, రైల్లోనో బస్సులోనో సగం దూరం వెళ్ళేవాళ్ళయితే మడత సైకిల్ గురించి ఆలోచించాలి, వానలో వెళ్ళేవాళ్ళకు మడ్‌గార్డులు లేని సైకిల్ ఎంత అందంగా ఉన్నా వద్దు.

అన్నిటికంటే ముందు సైజు. మిగతావి ఏవైనా తర్వాత మార్చుకోవచ్చు, ఫ్రేమ్ మాత్రం మార్చలేం. పైన అడ్డంగా పోయే గొట్టం ఉన్న సైకిలైతే దాన్ని రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని, పాదాలు నేలకు పూర్తిగా ఆనించి నిలబడండి. గొట్టానికీ మీకూ మధ్య కనీసం రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి, లేకపోతే సడన్‌గా ఆగి దిగాల్సి వచ్చినప్పుడు దెబ్బ తగులుతుంది. తర్వాత సీటు ఎత్తు: పెడల్‌ను అట్టడుగుకు తెచ్చి దాని మీద మడమ పెడితే మోకాలు నిటారుగా రావాలి. అప్పుడు మామూలుగా ముందుపాదంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. చాలామంది సీటు బాగా కిందికి పెట్టుకుని తొక్కుతారు, నాలుగు రోజులకే మోకాళ్ళు నొప్పి మొదలై సైకిలే పడలేదనుకుంటారు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. మీ సైజు స్టాకులో లేకపోతే షాపువాళ్ళు "సీటు కొంచెం దించితే సరిపోతుందండీ" అంటారు. సరిపోదు. సీటు దించితే ఎత్తు తగ్గుతుందే గానీ సీటు నుంచి హ్యాండిల్‌కు ఉన్న దూరం పెద్దగా తగ్గదు, పెద్ద ఫ్రేమ్ మీద రోజూ ముందుకు సాగి కూర్చుంటే అరచేతులు తిమ్మిరెక్కుతాయి, మెడ పట్టేస్తుంది. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మోచేతులు కాస్త వంగి ఉండాలి, తల తిప్పి వెనక వచ్చే బండిని తేలిగ్గా చూడగలగాలి. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ మీడియంతో కలవదు కాబట్టి సైజు కోసం రాసే M, L లాంటి అక్షరాన్ని నమ్మొద్దు, ఎక్కి చూడండి. పొడవాటి బట్టలు వేసుకునేవాళ్ళకు, వెనక క్యారియర్ మీద ఎత్తుగా సామాను కట్టేవాళ్ళకు గొట్టం కిందికి వంగి ఉండే ఫ్రేమ్ మంచిది, మగవాళ్ళయినా సరే మొహమాటపడక్కర్లేదు.

టైర్ల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తా: వెడల్పు 35 నుంచి 42 మిల్లీమీటర్ల మధ్య, పైన నున్నగా ఉన్నవి తీసుకోండి. రేసు సైకిళ్ళ 25 మిల్లీమీటర్ల టైర్లకు గుంతలు పడవు, కొండల్లో తొక్కే మొరటు గుబ్బల టైర్లు తారు రోడ్డు మీద రొద చేస్తూ శక్తి తినేస్తాయి. పంచర్ పడకుండా లోపల అదనపు పొర ఉన్న టైరు కొంచెం బరువుంటుంది, అయినా ఆఫీసుకు టైమవుతున్నప్పుడు రోడ్డు పక్కన ట్యూబు మార్చే టెన్షన్ కంటే ఆ బరువే నయం. టైరు పక్కన 37-622 లాంటి అంకెలు ఉంటాయి చూడండి, మొదటిది వెడల్పు, రెండోది టైరు రిమ్ముకు కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. 700సి అని రాసినా 29 అంగుళాలని రాసినా అది 622 మిల్లీమీటర్లే, మౌంటెన్ సైకిళ్ళకు వచ్చే పాత 26 అంగుళాల సైజు అయితే 559. కొత్త టైరు కొనేటప్పుడు పనికొచ్చేది ఈ రెండో అంకే.

ముందు షాక్‌లున్న సైకిల్ చూస్తే చాలామందికి మనసు లాగుతుంది. రోజూ రోడ్డు మీద వెళ్ళడానికైతే వద్దు. చవక రకం షాక్‌లు మామూలు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ గొట్టం) కంటే కిలో పైగా ఎక్కువ బరువుంటాయి, ఎత్తు ఎక్కేటప్పుడు లేచి తొక్కితే మీ బలం కొంత వాటిని కిందికీ పైకీ ఊపడానికే పోతుంది, కొన్నాళ్ళకు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. ఆ డబ్బుతో వెడల్పు టైర్లు, మంచి బ్రేకులు వస్తాయి.

గేర్ల లెక్క కూడా ఇలాంటిదే. 21 గేర్లంటే ముందు 3 పళ్ళ చక్రాలు, వెనక 7, వాటిని హెచ్చిస్తే వచ్చే ఆ 21లో చాలావరకు ఒకదానికొకటి దగ్గరగా ఉండేవే. పళ్ళు లెక్కపెట్టండి. ముందు 42, వెనక 18 పళ్ళుంటే పెడల్ ఒక్క చుట్టు తిప్పినప్పుడు చక్రం రెండుంపావు చుట్లకు కొంచెం పైగా తిరుగుతుంది, అంటే 700సి చక్రం మీద దాదాపు 5 మీటర్లు ముందుకెళ్తారు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 18 కిలోమీటర్ల వేగం. చదును దారికి ఈ ఒక్క గేరు చాలు, రిపేర్లు తక్కువ. ఎత్తులున్న దారైతే అడగాల్సింది అన్నిటికంటే తేలిక గేరు ఏదని: ముందు 38, వెనక 34 అయితే ఒక చుట్టుకు రెండున్నర మీటర్ల లోపే, బ్యాగుతో కూడా చాలా ఎత్తులు కూర్చునే ఎక్కేయొచ్చు. గేర్లు వెనక హబ్ (చక్రం నడిమి భాగం) లోపలే ఉండే రకం నాకు చాలా ఇష్టం, బురద తగలదు, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు కూడా గేరు మార్చొచ్చు. కాకపోతే బరువెక్కువ, వెనక చక్రం విప్పడం కాస్త పని.

బ్రేకులు: పొడి వాతావరణంలో, చదును దారిలో రిమ్మును నొక్కి ఆపే రిమ్ బ్రేకులు చాలు. వానలో దిగుడు రోడ్లుంటే డిస్క్ (చక్రం మధ్యలో ఉండే పళ్ళేన్ని పట్టి ఆపే బ్రేకు) తీసుకోండి, ఎందుకంటే తడిసిన రిమ్ము మీద బ్రేకు పట్టడానికి సమయం పడుతుంది. కేబుల్ డిస్క్ ఎవరైనా బాగు చేస్తారు, ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ డిస్క్ రెండు వేళ్ళతో నొక్కినా పట్టేస్తుంది గానీ దగ్గర్లో అది తెలిసిన మెకానిక్ ఉన్నాడో లేడో కనుక్కుని కొనండి.

ఇక షోరూముల్లో ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి. మడ్‌గార్డులు, క్యారియర్, చైన్ కవర్, స్టాండ్, లైట్లు. ఇవి సైకిల్‌తో రాకపోతే కనీసం బిగించే వీలుందో లేదో చూడండి, ఫోర్క్ కింద, వెనక ఇరుసు దగ్గర స్క్రూ పట్టే చిన్న కన్నాలుండాలి. టైరుకూ ఫ్రేముకూ మధ్య మడ్‌గార్డు దూరేంత సందు కూడా ఉండాలి. బ్యాగు వీపుకు తగిలించుకుంటే చొక్కా తడిసిపోతుంది, క్యారియర్ పక్కన వేలాడే సంచి అయితే ఆ బాధే లేదు. క్యారియర్ మీద ఎంత బరువు మోస్తుందో సాధారణంగా రాసి ఉంటుంది. చక్రాలు లివర్ తిప్పగానే ఊడిపోయే రకమైతే బయట పెట్టేవాళ్ళు నట్లు వేయించుకోవడం మేలు. మంచి తాళం, పంపు, లైట్లు కలిపి ఎంతవుతుందో ముందే లెక్కేసి ఆ మొత్తం పక్కన పెట్టి, మిగిలినదాంట్లోనే సైకిల్ చూసుకోండి.

డబ్బు కట్టేముందు తొక్కి చూడండి, వీలైతే పావుగంటైనా, మీ రోజువారీ బ్యాగుతో. రెండు నిమిషాలు కూర్చుంటే ఏ సీటైనా హాయిగానే ఉంటుంది, మెత్తగా ఉన్న సీటే ఎక్కువసేపటికి ఒరుసుకుని నొప్పి పుట్టిస్తుంది కూడా. గట్టిగా బ్రేకు పట్టండి, చాలా నెమ్మదిగా మలుపు తిప్పండి, ఎత్తు మీద గేరు మార్చండి. దిగాక చక్రం గాల్లోకి లేపి తిప్పితే అటూ ఇటూ ఊగకూడదు.

కొన్న మొదటి నెల రోజుల్లో కేబుళ్ళు వదులై బ్రేకులు, గేర్లు సరిగ్గా పడకపోవడం మామూలే, స్పోకులు కూడా సర్దుకుంటాయి. కాబట్టి మొదటి సర్వీసు ఉచితంగా చేస్తారా అని కొనేటప్పుడే అడగండి, చేస్తామంటే తప్పకుండా తీసుకెళ్ళండి. పెడళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో మీరే చూసుకోవచ్చు, ఎడమ పెడల్ మర మాత్రం ఉల్టా, బిగించాలంటే గడియారం ముల్లు తిరిగే దిక్కుకు వ్యతిరేకంగా తిప్పాలి. వదులు పెడల్‌తో అలాగే తొక్కితే క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) లోని మర అరిగిపోయి క్రాంకే మార్చాల్సి వస్తుంది.