తుప్పు ముందు, షాకులు తర్వాత: పాత మారుతి 800 అడుగు భాగాన్ని ఇంట్లోనే బాగుచేసుకోవడం

పాత 800 ప్రతి గుంతలోనూ ధబ్‌మని మోగుతుంటే చాలామంది చేసే మొదటి పని కొత్త షాకులు కొనడం. కానీ ఆ షాకుల్ని మోసేది బాడీ రేకు. ముందు చక్రాల దగ్గర స్ట్రట్, అంటే షాకు, స్ప్రింగు ఒకటిగా ఉండే నిలువు భాగం, పైకొన బానెట్ కింద కనిపించే టవర్‌కి బిగిసి ఉంటుంది, వెనక ఇరుసును పట్టుకునే ఆర్ములు ఫ్లోరుకు బిగిసి ఉంటాయి. ఆ రేకు తుప్పుకి పలచబడితే, అరిగిన షాకు కన్నా కొత్త గట్టి షాకే ఎక్కువ ప్రమాదం. అది దెబ్బను తనలో కలుపుకోకుండా నేరుగా రేకు మీదికి తోస్తుంది. అందుకే రెండు పనులూ ఒకేసారి పెట్టుకోవాలి. సస్పెన్షన్ విప్పినప్పుడే తుప్పు దాక్కునే చోట్లు బయటపడతాయి, మళ్లీ విప్పే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇక్కడ చెప్పేదంతా 1986 తర్వాత వచ్చిన బాడీకి: ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లు, వెనక కాయిల్ స్ప్రింగులు ఉన్న కారు. 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది, కాబట్టి ఎంత కొత్తదైనా ఇప్పుడు పదేళ్లు దాటిన బండే. పదిహేనేళ్లు నిండాక ఆర్‌సీ పొడిగించుకోవాలంటే తనిఖీ ఉంటుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి. అడుగు భాగం గట్టిగా ఉంచుకోవడం ఆ రకంగానూ అవసరమే.

ముందు వెతకడం

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో సముద్రపు గాలికి పైన మెరిసే కారు కూడా కింద చిల్లులు పడి ఉంటుంది. హైదరాబాద్ కారులో తుప్పు ఎక్కువగా లోపలి నుంచి, అంటే నిలిచిన నీటి నుంచి వస్తుంది. ఎక్కడిదైనా మ్యాట్లు, వాటి కింది ఫెల్ట్ మొత్తం తీసేయండి. ఫెల్ట్ పైన పొడిగా అనిపించినా అడుగున పిండితే నీళ్లు కారొచ్చు. నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చకుండా రంగు వేయడం దండగ. రాత్రి ఫ్లోరంతా దినపత్రికలు పరచి, మర్నాడు పది నిమిషాలు అద్దం మీద, తలుపుల మీద గొట్టంతో నీళ్లు పట్టండి. కాగితం ఎక్కడ తడిస్తే దారి అక్కడే. ముందద్దం రబ్బరు బీడింగు కింది మూలలు, తలుపు రబ్బర్లు మామూలు దోషులు. ఏసీ ఉన్న కారులో ఎడమ సీటు ముందు మాత్రమే తడి ఉంటే అది వాన నీరు కాదు, ఏసీ నీరు బయటికి పోయే పైపు మూసుకుపోయి లోపలికి కారుతోంది. పైపును కింది నుంచి ఊది, మన్ను తీస్తే సరి.

తర్వాత స్క్రూడ్రైవర్ పట్టుకుని పిడితో రేకును తట్టుతూ పోండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్నది మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికిన చోట మొనతో నొక్కండి, భయపడొద్దు. ఇప్పుడు దిగబడేది రేపు రోడ్డు మీద ఎలాగూ దిగబడుతుంది. చూడాల్సిన చోట్లు: స్ట్రట్ టవర్ పైన నట్ల చుట్టూ, బ్యాటరీ ట్రే కింద, తలుపుల కింద ఉండే సిల్ పొడవునా, వెనక ఆర్ములు ఫ్లోరును కలిసే బ్రాకెట్లు, చక్రాల గూళ్ల అంచులు, తలుపుల అడుగు మడత. జాకీ పెట్టే చోట రేకు లోపలికి కుంగుతుంటే ఆ సిల్ లోపల తినేసినట్టే.

ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. టవర్, సిల్, ఆర్ముల బ్రాకెట్లు, జాకీ పాయింట్లు బరువు మోసేవి. వాటిలో చిల్లు కనిపిస్తే ఇంటి పని అక్కడితో ఆగుతుంది: మంచి రేకు తగిలేదాకా కోసి, కొత్త రేకు పెట్టి వెల్డింగ్ చేసే టింకరింగ్ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాలి. ఫైబర్ గుడ్డ, పుట్టీ అక్కడ బరువు ఆపలేవు, తుప్పును కప్పి మోసం చేస్తాయంతే. ఫ్లోరు అతుకుకు 20 గేజి రేకు, అంటే ఒక మిల్లీమీటరుకు కాస్త తక్కువ మందం, బాగుంటుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ కేబుళ్లు తీయించండి. పెట్రోలు పైపులు, బ్రేకు పైపులు అడుగు నుంచే పోతాయని, వెనక ట్యాంకు ఉందని మేస్త్రికి గుర్తు చేయండి.

విప్పడం

రెండు టన్నుల స్టాండ్లు ఒక జత తప్పనిసరి. జాకీ ఒక్కదాని మీద ఉన్న కారు కిందికి దూరకండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు హఠాత్తుగా పగులుతాయి, వాటి జోలికి పోవద్దు.

ముందు రోజు రాత్రి ప్రతి బోల్టుకూ తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. పొద్దున పానా వేసినప్పుడు ముందు కొద్దిగా బిగించే వైపు తిప్పి, తర్వాత వదులు చేయండి. మర బిగుసుకున్న తుప్పు అలా విరుగుతుంది, బోల్టు విరగదు.

ముందు వైపు: చక్రం తీసి, స్ట్రట్‌కు పట్టి ఉన్న బ్రేకు గొట్టం క్లిప్ తీయండి. స్ట్రట్ కింది బ్రాకెట్ నకిల్‌ను (చక్రాన్ని మోసే ఇనుప ముక్కను) ఎక్కడ పట్టుకుందో రంగుతో గీత పెట్టుకోండి. బోల్టులు తీయగానే నకిల్ బయటికి వాలుతుంది, దాంతో డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు జారుతుంది, బ్రేకు గొట్టం సాగుతుంది. అందుకే ముందే నకిల్‌ను తీగతో బాడీకి కట్టేయండి. పైన టవర్ అంచున ఉన్న నట్లు మాత్రమే విప్పాలి. మధ్యలో ఉన్న పెద్ద నట్టు ముట్టుకోవద్దు. స్ప్రింగును నొక్కి పట్టి ఉంచేది అదే. స్ప్రింగ్ కంప్రెసర్ రెండు వైపులా ఎదురెదురుగా వేసి, స్ప్రింగు సీటు మీద వదులైందని చేత్తో తిప్పి చూశాకే దాన్ని విప్పాలి. కంప్రెసర్ లేకపోతే స్ట్రట్‌లు అలాగే పట్టుకెళ్లి గ్యారేజీలో మార్పించుకు రండి, అందులో నామోషీ ఏమీ లేదు.

వెనక: ఇరుసు కింద జాకీ ఆనించి, షాకు కింది బోల్టు తీసి, ఇరుసును మెల్లగా దించితే స్ప్రింగు చేతికొస్తుంది. బ్రేకు గొట్టం బిగుసుకోకుండా కన్ను వేసి ఉంచండి.

తుప్పు పని

తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు పొక్కులు లేస్తుంది, అందుకే చిన్న పొక్కు కింద అరచేయంత మచ్చ ఉంటుంది. గ్రైండర్‌కు వైర్ బ్రష్ కప్పు వేసి, పొక్కు చుట్టూ మంచి రంగు గట్టిగా పట్టుకున్న చోటు వచ్చేదాకా, దాన్ని దాటి ఇంకో రెండంగుళాలు గీకండి. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. కప్పు తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి. తర్వాత 80 నంబరు ఎమరీ.

గీకాక రేకును దగ్గరగా చూడండి. తెల్లగా మెరిసే మైదానంలో నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి గుంటలు, వాటి అడుగున తుప్పు ఇంకా బతికే ఉంది, ఏ బ్రష్షూ అందదు. వాటి కోసమే ఫాస్ఫారిక్ ఆసిడ్ ఉన్న తుప్పు మందు. బ్రష్‌తో పలచగా రాసి, ఎండిపోకుండా ఇంకోసారి తడుపుతూ డబ్బా మీద రాసినంతసేపు ఉంచండి. ఆ తర్వాత చాలామంది తప్పు చేస్తారు: మందు మీదే ప్రైమర్ వేస్తారు. మిగిలిన ఆసిడ్ ఎపాక్సీ ప్రైమర్‌ని సరిగ్గా గట్టిపడనివ్వదు, ఏడాదిలో పొరలా లేచి వస్తుంది. నీళ్లతో కడిగి, వెంటనే హీట్ గన్‌తో గానీ ఎండలో గానీ పూర్తిగా ఆరబెట్టి, తెల్లటి పొడి మిగిలితే ఎమరీతో తుడిచి, థిన్నర్ గుడ్డతో జిడ్డు తీయాలి. నల్లగా మార్చి అలాగే ఉండిపోయే టానిన్ రకం మందులు వేరు, వాటికి కడగడం అక్కర్లేదు. ఏది కొన్నారో డబ్బా చదవండి.

ప్రైమర్ రెండు డబ్బాల్లో వచ్చే ఎపాక్సీయే తీసుకోండి. రెడ్ ఆక్సైడ్ గేట్లకు, గ్రిల్స్‌కు చాలు, రాళ్లు, నీళ్లు కొట్టే కారు అడుగుకు చాలదు. చక్రాల గూళ్లు, ముందు ఫ్లోరు కలిపి రెండు పూతలకు సుమారు లీటరు పడుతుంది. కలిపింది కొన్ని గంటల్లోనే గట్టిపడుతుంది కాబట్టి సగం సగం కలుపుకోండి. అతుకుల సందుల్లోకి నీరు పోకుండా మూసే సీమ్ సీలర్ ప్రైమర్ ఆరాకే వేయాలి. పుట్టీ అవసరమైతే అదీ ప్రైమర్ మీదే. పుట్టీ నీటిని పీలుస్తుంది, వట్టి రేకు మీద వేస్తే అదే తుప్పుకు తడిగుడ్డ.

వాతావరణం గురించి తేలిగ్గా తీసుకోవద్దు. తీర ప్రాంతంలో తెల్లవారుజామున చల్లటి రేకు మీద కనిపించని మంచు పట్టి ఉంటుంది. రేకు ఉష్ణోగ్రత మంచు బిందువు (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, గాలిలో తేమ 85 శాతం దాటకూడదు. సంక్రాంతి తర్వాత నుంచి మార్చి దాకా, పొద్దున పదకొండు తర్వాత మొదలుపెట్టి సాయంత్రం నాలుగులోపు ముగించడం మంచిది. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు.

ఏ సామాన్లు, ఏవి వద్దు

డబ్బు తక్కువుంటే ముందు బుష్షుల మీద, అంటే కదిలే భాగాల కీళ్లలో ఉండే రబ్బరు మీద పెట్టండి. 800లో ముందు అడ్డంగా ఉండే స్టెబిలైజర్ బార్ కారు ఒరగకుండా ఆపడమే కాదు, లోయర్ ఆర్మ్‌ను ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టుకునేదీ అదే. దాని బుష్షులు అరిగితే బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి జరిగి కారు ఒక పక్కకు లాగుతుంది, గుంతలో టకటక వినిపిస్తుంది. ఆ చప్పుడుకు షాకులు మార్చి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. స్టెబిలైజర్ బుష్షులు, లోయర్ ఆర్మ్ బుష్షులు, స్ట్రట్ పైమౌంట్లు, షాకు పూర్తిగా కుంగి కొట్టుకోకుండా ఆపే బంప్ స్టాపులు, వెనక ఆర్ముల బుష్షులు, ఇరుసు అడ్డకడ్డీ బుష్షులు మార్చాక షాకులు గ్యాస్ రకానివి, ఎడమా కుడీ జతగా వేయండి.

స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు వద్దు. కారు కొంచెం లేస్తుంది నిజమే, కానీ రెండు చుట్లు పనిచేయకుండా పోయి మిగతావి ఎక్కువ వంగుతాయి, స్ప్రింగు అక్కడే విరుగుతుంది. 145/70 ఆర్12 టైర్ల బదులు 155/65 ఆర్13 వేస్తే చక్రం చుట్టుకొలత దాదాపు ఐదు శాతం పెరుగుతుంది. స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది, 650 కిలోల పైచిలుకు కారులో చక్రం బరువు పెరిగితే కొత్త షాకులు ఇచ్చిన మెత్తదనం కొంత పోతుంది. పాలీయురేథేన్ బుష్షులు దొరికినా రోజూ తిరిగే కారుకు మంచి రబ్బరే నా సలహా.

బిగించడం

కొత్త షాకును నిలువుగా పట్టి ఐదారుసార్లు పూర్తిగా లాగి, నొక్కండి. అడ్డంగా పడుకోబెట్టినప్పుడు లోపల చేరిన గాలి పోతుంది. మెరిసే రాడ్‌ను ప్లయర్‌తో పట్టుకోవద్దు, గోరంత గీత పడినా ఆయిల్ సీలు కోసుకుపోతుంది. స్ప్రింగు చివర సీటులోని మెట్టులో కూర్చోవాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. రబ్బరు బుష్షుల బోల్టులు చక్రాలు వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. వేలాడే ఆర్మ్‌తో బిగిస్తే కారు నేల మీద దిగగానే రబ్బరు మెలితిరిగి, ఎప్పుడూ మెలిలోనే ఉండి, నెలల్లోనే చిరుగుతుంది. బోల్టులు చేత్తో బిగించి, చక్రాలు వేసి, కారును నేల మీద దించి, నాలుగుసార్లు ఊపి, బరువు మీదే మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించండి. లోపల నైలాన్ రింగు ఉండే నట్లు కొత్తవి వాడండి. బోల్టు మార్చాల్సి వస్తే పాతదాని తల మీద ఉన్న 8.8 లాంటి గుర్తు చూసి అదే గ్రేడు, అంతే పొడవుది తెచ్చుకోండి.

వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మరోసారి చూసుకుని వీల్ అలైన్‌మెంట్ చేయించండి. స్ట్రట్ విప్పితే చక్రం వాలు మారకుండా ఉండదు, అలైన్‌మెంట్ మానేస్తే కొత్త టైర్లు ఒక పక్క గుండు అవుతాయి.

ప్రైమర్ మీద పైరంగు వేసి, వారం ఆరాక, సిల్ లోపల, తలుపుల లోపల పొడవాటి నాజిల్‌తో క్యావిటీ వ్యాక్స్, అంటే లోపలి ఖాళీల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం, కొట్టండి. అర లీటరు డబ్బాలు రెండు మూడు పడతాయి. అంతకు ముందు నీరు పోయే రంధ్రాల్లో తీగ పెట్టి మన్ను తీయండి, వ్యాక్స్ కొట్టాక మళ్లీ ఒకసారి తీగ పెట్టండి, అవి మూసుకుపోతే అంతా వృథా.

వాటర్ సర్వీస్‌కి ఇచ్చినప్పుడు అడుగున డీజిల్ గానీ పాత ఇంజన్ ఆయిల్ గానీ కొట్టవద్దని ముందే చెప్పండి. తుప్పుకు మంచిదని అలవాటుగా కొడతారు. డీజిల్ తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, మీరు వేసిన బుష్షులన్నీ దానికి బలైపోతాయి. మొదటి గట్టి వాన పడిన రాత్రి మళ్లీ ఫ్లోరు మీద దినపత్రికలు పరచి, పొద్దున ఏ మూల తడిసిందో చూడండి.