పాత ఫ్రెంచ్ సముద్రం పెయింటింగ్ కొంటున్నారా, ముందు వెనక్కి తిప్పండి

ఫ్రాన్స్‌లోని నార్మండీ సముద్రపు ఒడ్డున పడవలు, వలలు, తెల్ల టోపీలు పెట్టుకున్న బెస్త ఆడవాళ్ళు, ఇలాంటి పాత ఆయిల్ పెయింటింగ్ ఆన్‌లైన్ ఆక్షన్‌లో కనపడితే మనసు లాగేస్తుంది నిజమే, కానీ సెల్లర్‌ని ముందు అడగాల్సింది వెనక వైపు ఫోటో. ఇవ్వనంటే వదిలేయండి అంతే.

వెనక కాన్వాస్ బిగించిన చెక్క చట్రం మీద రంగుల షాపు ముద్ర, ఒక నంబర్ ఉన్నాయేమో చూడండి. ఫ్రాన్స్‌లో కాన్వాస్‌లకి నంబర్ సైజులుంటాయి, ఒక్కో నంబర్‌లో మళ్ళీ మూడు రకాలు: ఫిగర్ (మనుషుల బొమ్మలకి), పేజాజ్ (ప్రకృతి దృశ్యాలకి), మరీన్ (సముద్రం బొమ్మలకి). 10 నంబర్ తీసుకుంటే మూడిటికీ ఒక వైపు 55 సెంటీమీటర్లే, రెండో వైపు మాత్రం ఫిగర్‌కి 46, పేజాజ్‌కి 38, మరీన్‌కి 33. టేప్ పెట్టి కొలవండి, అదీ బయటి ఫ్రేమ్‌ని కాదు కాన్వాస్‌ని. ఫిగర్ సైజు మీద సముద్రం ఉందని కంగారు పడక్కర్లేదు, చేతికి దొరికిన కాన్వాస్ మీద వేసినవాళ్ళు బోలెడుమంది. వెనక గుడ్డ మరీ తెల్లగా కొత్తగా ఉంటే పాత కాన్వాస్ వెనక రెండో గుడ్డ అతికించారా అని అడగండి, అది రిపేరే, మోసం అనుకోకండి.

ఇప్పుడు సంతకం. భూతద్దంతో చూడండి, సంతకం రంగు పాత పగుళ్ళలోకి కారి ఉంటే పగుళ్ళు వచ్చాక ఎవరో పెట్టారని అర్థం. తర్వాత చీకట్లో యూవీ టార్చ్ వేయండి, పాత వార్నిష్ పచ్చగా మెరుస్తుంది, తర్వాత చేసిన టచప్‌లు నల్ల మచ్చల్లా కనిపిస్తాయి, ఎక్కువగా ఆకాశంలోనే దొరుకుతాయి. సంతకం కూడా అలాగే నల్లగా తేలితే రేటు సగం కాదు, ఇంకా కిందకి మాట్లాడాలి.

బూదాన్ అంటే సముద్ర తీరాలు గీసిన ఫ్రెంచ్ చిత్రకారుడు; "బూదాన్ స్కూల్" అని రాసుంటే అది బూదాన్ వేసింది కాదని సెల్లర్ తనే చెప్తున్నట్టు. అసలాయన 1824లో నార్మండీలోని ఓన్‌ఫ్లూర్‌లో పుట్టాడు, అక్కడికి దగ్గర్లోని త్రూవీల్ బీచ్‌లో గుండ్రటి పెద్ద గౌన్ల ఆడవాళ్ళని 1860ల్లో తెగ గీశాడు. అందుకే బట్టలు చూడండి, గౌను ఫ్యాషన్‌కీ వేసిన తేదీకీ పొంతన లేకపోతే అనుమానించాల్సిందే. ఖరీదైన ముక్క అయితే ల్యాబ్ టెస్ట్ చేయించండి, టైటానియం వైట్ రంగు మార్కెట్లోకి వచ్చిందే 1920 ఆ ప్రాంతంలో, కాబట్టి 1870 అని చెప్పే బొమ్మ అసలు పొరలో అది దొరికితే కథ అయిపోయినట్టే.

కొన్నాక యూట్యూబ్ చూసి బంగాళదుంప, నిమ్మకాయ, తడిబట్ట లాంటివాటితో తుడవడం అస్సలు వద్దు. రంగు పెచ్చులు లేవట్లేదని చూసుకుని, మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము మాత్రం దులపండి, ఎండ పడని, చెమ్మ లేని గోడకి తగిలించండి, ఏసీ గాలి నేరుగా తగలకుండా.