ఇల్లు అమ్మేముందు ఏ రిపేరు చేయించాలి, ఏది వదిలేయాలి?

ఇల్లు అమ్మాలనుకోగానే అందరూ మొదట పిలిచేది పెయింటర్‌ని. అక్కడే డబ్బు మునుగుతుంది. మా ఇంటివాళ్లవి, చుట్టాలవి కలిపి ఆరు ఇళ్ల అమ్మకాలు దగ్గరుండి చూసుకున్నాను. హైదరాబాద్‌లో నాలుగు, విజయవాడలో రెండు. ప్రతిచోటా పెయింటర్‌ని ఆఖర్నే పిలవాలి. దీనికి మినహాయింపు లేదు.

అసలు పనికి దిగేముందు ఒకటి తేల్చుకోండి. వచ్చేవాళ్లు కొనేది మీ ఇంటినా, దాని కింద ఉన్న స్థలాన్నా? ముప్ఫై నలభై ఏళ్ల ఇండిపెండెంట్ ఇల్లు, కాలనీలో మంచి రోడ్డు, నాలుగు పక్కలా అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయంటే వాళ్లు గజం ఎంత అని అడుగుతారు. గజాల్లో అడిగేవాళ్లు ఎలాగూ ఇల్లు పడగొడతారు. అలాంటి ఇంటికి రూపాయి కూడా పెట్టొద్దు. చెత్త తీయించి, గేటుకు తాళం సరిగ్గా పడేలా చూసుకుంటే చాలు. ఫ్లాట్ అయినా, కాపురానికి కొనేవాళ్లు వచ్చే ఇల్లయినా మిగతాది చదవండి.

టార్చి, టెస్టర్, రూపాయి బిళ్ల, వంటింట్లోని అల్యూమినియం ఫాయిల్, సెలోటేపు, ఒక నోటుబుక్కు. ఇంతే సామాను. డాబా మీద మొదలుపెట్టి సంపు దాకా కిందికి దిగండి. ప్రతి లోపం పక్కన రెండు అంకెలు రాయండి: చేయిస్తే ఎంతవుతుంది, చేయించకపోతే బేరంలో ఎంత కోస్తారు. మొదటిది మేస్త్రీని అడగండి. రెండోది మీకు మీరే, కొనేవాళ్ల చోట నిలబడి, నిజాయితీగా రాసుకోండి. రెండో అంకె పెద్దదైతేనే పని చేయించాలి.

కారే కుళాయిలు, ఆగని ఫ్లష్, వెలగని స్విచ్చులు, కిర్రుమనే తలుపులు, చిరిగిన దోమల జాలీలు లెక్క వేయకుండానే చేయించేయండి, ఒకటి రెండు రోజుల పని. రూపాయి బిళ్లతో కొడితే డొల్లగా మోగే టైల్స్ నాలుగైదుంటే అవి మాత్రమే మార్పించండి. పాత ఫ్యూజు బోర్డు ఉంటే తీసేసి ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే వాటంతటవే ఆగిపోయే స్విచ్చులు) పెట్టించండి.

మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్, కొత్త వార్డ్‌రోబ్‌లు వద్దే వద్దు. మన దగ్గర ఇల్లు కొన్నవాళ్లు గృహప్రవేశానికి ముందే ఇంటీరియర్ తమకు నచ్చినట్టు మార్చుకుంటారు. మీరు లక్షలు పోసిన గ్రానైట్ గట్టును వాళ్లు మొదటి వారంలోనే పగలగొట్టించవచ్చు. వాస్తు పేరుతో గుమ్మాలు, మెట్లు మార్పించడం ఇంకా పెద్ద పొరపాటు. కొనేవాళ్ల సిద్ధాంతి ఏమంటారో మీకు ముందే తెలియదు.

ఇక అసలు విషయం చెమ్మ. బేరాలు చెడేది ఇక్కడే. రంగు వెలిసిన గోడ చూస్తే కొనేవాళ్లకు ఎంత ఖర్చవుతుందో తెలుస్తుంది. చెమ్మ మరక చూస్తే తెలియదు, అందుకే భయపడి ఖర్చుకు మూడు నాలుగింతలు తగ్గించి అడుగుతారు. మా బంధువుల ఫ్లాట్‌లో ఒకసారి నా మాట వినకుండా మరక మీద లప్పం పెట్టి, రెండు కోటింగులు రంగు కొట్టించారు. బయానా అయ్యాక, రిజిస్ట్రేషన్‌కు ముందు వానలు పడ్డాయి. కొనేవాళ్లు మరోసారి చూడ్డానికి వచ్చేసరికి అదే చోట పెచ్చు ఊడి నేల మీద పడి ఉంది. ధరలో తగ్గించాల్సి వచ్చిన డబ్బు కన్నా పోయిన నమ్మకమే మా బంధువులను ఎక్కువ బాధపెట్టింది. చట్టమూ దీన్ని ఒప్పుకోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, అమ్మేవారికి తెలిసి, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని ముందే చెప్పాలి.

కాబట్టి ముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో పట్టుకోవాలి. మేస్త్రీ వచ్చీరాగానే వాటర్‌ప్రూఫింగ్ అంటాడు, ఒప్పుకోకండి. మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. అది గీత దాటుతోందా, లోపలికి తగ్గుతోందా అన్నదే మీకు ఆధారం.

బాత్రూం వెనక గోడైతే, ఆ బాత్రూంకి వచ్చే నీటి లైను వాల్వు కట్టేసి నాలుగైదు రోజులు వాడకుండా ఉండండి. మరక ఆరడం మొదలైతే వాల్వు తెరవండి, కానీ బాత్రూం వాడొద్దు. మళ్లీ చెమ్మ వస్తే గోడలోని పైపు కారుతున్నట్టు. రాకపోతే నహానీ ట్రాప్‌కు, అంటే నేల మీది నీళ్లు బయటికి పోయే రంధ్రానికి, గుడ్డ కుక్కి, నేల మీద అంగుళం నీళ్లు ఒక రోజు నిలబెట్టండి. ఇప్పుడు చెమ్మ కనిపిస్తే లోపం నేలలోనో, ట్రాప్ జాయింటులోనో ఉంది. ఈ వరస తప్పితే ఏదీ తేలదు. రెండు పరీక్షలూ ఒకేసారి చేసి బాత్రూం మొత్తం పగలగొట్టించినవాళ్లను చూశాను, చివరికి కారింది ఒక్క ఎల్బో, అంటే పైపు మలుపు, దగ్గర.

సీలింగులో మరకైతే డాబా మీద గట్టు కట్టి రెండు రోజులు నీళ్లు నిలబెడతారు. ఇక్కడ జాగ్రత్త. నూరు చదరపు అడుగుల మీద అంగుళం నీళ్లంటే దాదాపు 235 కిలోల బరువు. కింద స్లాబు పెచ్చులూడి, తుప్పు పట్టిన చువ్వలు బయటపడి ఉంటే నీళ్లు నిలబెట్టవద్దు, ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి. చువ్వ తుప్పు పట్టి ఉబ్బడం వల్లే పెచ్చు ఊడుతుంది. దాని మీద సిమెంటు పూస్తే అదీ ఊడిపోతుంది.

గోడ అడుగున, నేలనుంచి రెండు మూడు అడుగుల ఎత్తు దాకా ఉప్పు పొంగి ఉంటే చాలావరకు నేల చెమ్మే పైకి పాకుతున్నట్టు. అనుమానంగా ఉంటే అడుగు చదరం ఫాయిల్ గోడకు పెట్టి, నాలుగంచులా టేపు వేసి రెండు రోజులు ఉంచండి. గోడవైపు నీటి బొట్లు కనిపిస్తే చెమ్మ గోడలోనే ఉంది. పాత ఇళ్లలో ఈ నేల చెమ్మను పూర్తిగా ఆపడం ఖరీదైన పని. నేనైతే చేయించను. కొనేవాళ్లకు చూపించి, ఆ మేరకు ధర తగ్గించి చెప్తాను. ముందే చెప్పిన లోపం మీద బేరం చేయడం వాళ్లకూ కష్టం.

పైపు, ట్రాప్, స్లాబు బాగుచేయించాక గోడను మూడు నాలుగు వారాలు ఆరనివ్వండి. మరక గీత దాటలేదని చూసుకున్నాకే లప్పం, రంగు. అదీ తెలుపే. లేత గులాబీ, ఆకుపచ్చ, డిజైన్ గోడలు వద్దు. వీలైతే వానాకాలం లీకులు పట్టుకోవడానికి, చలికాలం రంగులకు పెట్టుకోండి.

బిల్లులు దాచండి. ఇంటి విలువ పెంచే శాశ్వతమైన పనుల ఖర్చును క్యాపిటల్ గెయిన్స్ (అమ్మకం లాభం మీద పన్ను) లెక్కలో చూపించుకోవచ్చు. రంగులు, చిన్న రిపేర్లు మామూలుగా అందులోకి రావు, ఏది వస్తుందో ఆడిటర్‌ని అడగండి. ప్లంబరు బిల్లు, పగలగొట్టినప్పుడు తీసిన ఫొటోలు, పెన్సిల్ గీత ఫొటోలు ఒక ఫైల్లో పెట్టి, ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు ఆ గోడ దగ్గర ఆగినప్పుడు చేతికివ్వండి.