స్కిజోఫ్రీనియా ఉన్నవారితో ఇంట్లో మాటతీరు మార్చుకోవడం ఎలా

స్కిజోఫ్రీనియా అంటే లేని గొంతులు వినిపించే, లేనిపోని అనుమానాలు పుట్టించే మానసిక జబ్బు. అది పెంపకం వల్ల రాదు. తల్లులు ఏళ్ల తరబడి ఆ నింద మోస్తుంటారు కాబట్టి ముందే చెబుతున్నాం. కానీ తగ్గిన జబ్బు తిరగబెట్టడానికీ ఇంట్లో మాటతీరుకీ సంబంధం ఉంది. 1950లలో లండన్‌లో సామాజిక శాస్త్రవేత్త జార్జ్ బ్రౌన్ బృందం ఒక సంగతి గమనించింది. ఆసుపత్రి నుంచి తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లినవారికి జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది, అద్దె గదుల్లో ఉన్నవారికి తక్కువ. 1976లో క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ అనే పరిశోధకులు లెక్క తేల్చారు. దెప్పులు, కోపం, అతి జాగ్రత్త ఎక్కువున్న ఇళ్లలో తొమ్మిది నెలల్లో దాదాపు సగం మందికి తిరగబెట్టింది. అవి తక్కువున్న ఇళ్లలో 13 శాతం మందికే.

ముందుగా మీ మాటలు లెక్కపెట్టండి. వారం రోజులు ఒక నోట్‌బుక్‌లో, మీరు అన్న ప్రతి దెప్పు మాటా, అన్న సమయంతో సహా, ఉన్నదున్నట్టు రాయండి. వారం చివర చూస్తే ఎక్కువ భాగం ఒకటి రెండు వేళల్లోనే పడి ఉంటాయి. పొద్దున నిద్ర లేపేటప్పుడు, అన్నం దగ్గర. మార్పు అక్కడే మొదలుపెట్టండి.

ఉదాహరణకు పదిన్నరైంది, అబ్బాయి ఇంకా మంచం మీదే ఉన్నాడు. “ఇంకా లేవలేదా? నీ ఈడువాళ్లు ఉద్యోగాలు చేస్తున్నారు. నీకు సిగ్గనేదే లేదు” అంటే ఒకే ఊపులో మూడు దెప్పులు. అది బద్ధకం కాదు. చొరవ చచ్చిపోవడం ఈ జబ్బు లక్షణమే, దానికి మందుల మత్తు తోడవుతుంది. దానికి బదులు “కాఫీ పెట్టాను, చల్లారకముందే తాగరా. పదకొండింటికి మొక్కలకు నీళ్లు పోద్దాం” అనండి. ఒక్కసారికి ఒక్క పనే చెప్పాలి. చేస్తే “కుండీలన్నీ తడిపావే” అని చేసిన పనినే పేరు పెట్టి చెప్పండి. మత్తు ఎక్కువగా ఉంటే మాత్ర వేళ మార్చవచ్చా అని డాక్టర్‌ను అడగండి.

ఎవరూ లేకపోయినా ఎవరో తిడుతున్నారని అంటే వాదించవద్దు, ఔనని తలూపవద్దు. “నాకు వినపడట్లేదు నాన్నా, కానీ నువ్వు భయపడుతున్నావు. ఇలా వచ్చి కూర్చో” చాలు. వాదిస్తే ఆ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది.

అన్నం కలిపి పెట్టడం, పక్కనే పడుకోవడం కూడా ఒత్తిడే, అది ప్రేమతో చేసినా సరే. చేతనైన పనులు నెలకొకటి చొప్పున తిరిగి వారికే అప్పగించండి. దెప్పులు, కోపం, అతి జాగ్రత్త ఎక్కువున్న ఆ ఇళ్లలో వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడిపినవారికి జబ్బు మరింతగా తిరగబెట్టింది. అంటే రోజుకు ఐదు గంటలు. సాయంత్రం నడక, డే కేర్ సెంటర్, కనీసం వేరే గదిలో కూర్చోవడం ఆ గంటల్ని తగ్గిస్తాయి.

మాత్ర పొడిచేసి సాంబారులో కలపడం చాలా ఇళ్లలో చేసే పొరపాటు. సగం తిని వదిలేస్తే డోసు తప్పుతుంది. సంగతి తెలిసిపోతే అన్నంలో విషం కలుపుతున్నారన్న అనుమానానికి మనమే రుజువు ఇచ్చినట్టవుతుంది. ప్రతి ఆదివారం స్ట్రిప్ తీసి, ఇద్దరూ కలిసి మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి. మాత్రలు ససేమిరా వేసుకోనంటే, రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేసే ఇంజెక్షన్ గురించి అడగండి. బాగయ్యారు కదా అని మీ అంతట మీరు మందు ఆపవద్దు. వరుసగా రెండు మూడు రాత్రులు నిద్ర పట్టకపోయినా, తనలో తాను గొణుక్కున్నా డాక్టర్ రమ్మన్న తేదీ వచ్చేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. చచ్చిపోతానంటే ఒంటరిగా వదలవద్దు.

చూసుకునేవారికి కూడా వారంలో ఒక పూట సెలవు ఉండాలి. ఆ పూట ఎవరుంటారో ముందే మాట్లాడి పెట్టుకోండి. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. జబ్బు వల్ల వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయవచ్చు. మొదటి చీటీ నుంచి ఆసుపత్రి కాగితాలన్నీ తేదీల వరుసలో ఒకే ఫైల్‌లో పెట్టండి.